హద్దులు లేని దస్తావేజు

నేను ఒక నిబంధనల పత్రాన్ని. కాగితం మీదకు తెస్తే రెండు పేజీలు, కంప్యూటర్లో అయితే ఒక చిన్న ఫైలు. నా చివర 'చదివాను, ఒప్పుకుంటున్నాను' అని ఒక గడి ఉంటుంది. దాని మీద నొక్కినవాళ్ళలో చాలామంది విషయంలో మొదటి మాట అబద్ధం, రెండో మాట నిజం. అయినా మనుషులంటే నాకు చులకన లేదు. నేను చూసింది చూసినవాళ్ళెవరికీ ఉండదు.

నేను కాపలా కాసేది ఒక పెద్ద పత్రానికి. దాని పేరు 'విరుగుడు నిల్వ సందేశ పద్ధతి'. పేరు నోరు తిరగదు గానీ సంగతి చిన్నదే. పాము కరిచిన మనిషిని ఏ ఆసుపత్రికి తీసుకెళితే మందు దొరుకుతుందో అంబులెన్సువాళ్ళకు ముందే తెలియాలి. అది తెలియాలంటే ఏ ఆసుపత్రిలో ఎన్ని సీసాలున్నాయో ఆ ఆసుపత్రి కంప్యూటరు బయటికి చెప్పాలి. కానీ ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో కంపెనీ కంప్యూటరు లెక్క. ఒకదాని మాట ఒకదానికి తెలియదు. అందరూ ఒకే తీరుగా చెప్పుకోవడానికి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోవడానికి రాసిన పద్ధతి అది. దాన్ని ఎవరు మార్చవచ్చు, ఎలా మార్చాలి, రాసింది ఎవరిదవుతుంది అనేవి చెప్పేదాన్ని నేను.

ఇదంతా దివిసీమలో మొదలైంది. అక్కడొక ఆసుపత్రిలో సునీతి గారని డాక్టరు. ఊడ్పుల రోజుల్లో కొల్లాటి నాంచారయ్య అనే కూలీని గట్టు చెక్కుతుండగా రక్తపింజరి కరిచింది. తీసుకొచ్చేసరికి ఆసుపత్రిలో మందు అయిపోయి ఉంది. సునీతి గారు అతన్ని బందరు పంపించారు. దారిలోనే పోయాడు. పులిగడ్డ వారధి దాటితే అవతలి ఒడ్డున ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో అదే రోజు మందు నిండుగా ఉందని ఆమెకు తరవాత తెలిసింది. జిల్లా వేరు, యాజమాన్యం వేరు. ఎవరూ ఎవరికీ చెప్పుకునే అలవాటు లేదు.

నాంచారయ్య భార్య డాక్టరుగారిని ఒక్క మాట కూడా తూలనాడలేదు. "దగ్గర్లో మందుందని ఎవరికీ తెలీదా అమ్మా" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడమే తనని నిద్రపోనివ్వలేదని సునీతి గారు తరవాత ఎందరితోనో చెప్పగా విన్నాను.

వాళ్ళ ఆసుపత్రి కంప్యూటరు చెడిపోయినప్పుడల్లా బెజవాడ నుంచి వచ్చి బాగుచేసే సుభానీ అనే అతను ఉండేవాడు. అప్పటికి ఇంకా ఏ కంపెనీలోనూ చేరలేదు, సొంతంగా రిపేర్లు చేసుకునేవాడు. మాట తక్కువ, పని నికార్సు. సునీతి గారు అతనికి జరిగింది చెప్పారు. అతను తల వంచుకుని విని, "రాద్దాం మేడమ్, కష్టమేం కాదు" అన్నాడు. ఖాళీ రోజుల్లో కూర్చుని రాయసాగాడు. మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చినా, సెలవు రోజుల్లో కూర్చుని పద్ధతి మొత్తం పూర్తిచేశాడు. అందులో గుండెకాయ లాంటిది చివరగా రాసిన 'లెక్క' అనే అధ్యాయం. అలమరలో ఉన్న సీసాలన్నీ మందు కిందకి రావు. గడువు దాటినవి ఉంటాయి, అప్పటికే ఒక రోగికని తీసి పెట్టినవి ఉంటాయి. బయటికి ఏ అంకె చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్నదంతా ఆ అధ్యాయంలో ఉంది. దాన్ని అతను ఎంత పొందికగా రాశాడంటే, ఒక్క మాట తీస్తే వెలితిగా ఉంటుంది, ఒక్క మాట చేర్చడానికి చోటుండదు.

ఆ తరవాత నేను పుట్టాను.

నన్ను రాసింది బందరు కోర్టు దగ్గర దస్తావేజులు రాసే వకీలు వేమూరి కామేశం గారు. సునీతి గారి నాన్నగారికి స్నేహితుడు. ఆవిడ వచ్చి సంగతంతా చెబితే కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని కాసేపు ఆలోచించారు.

"నా బతుకంతా హద్దులు రాస్తూనే గడిచిందమ్మా. తూర్పున ఫలానావారి చేను, పడమర పంట బోదె. ఇంతకీ ఈ ఆస్తి ఎవరిది?"

"ఎవరిదీ కాదండి."

"ఎవరికి ఇస్తున్నారు?"

"అందరికీ."

"హద్దులు లేని దస్తావేజన్నమాట" అన్నారు కామేశం గారు. వెటకారంగా అన్నారేమో అనుకున్నాను. కానీ ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కున్న తీరు చూస్తే, ఇలాంటిది రాయమని ఎవరైనా అడుగుతారా అని ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మనిషిలా ఉన్నారు.

ఆయన నన్ను చాలాసార్లు రాసి చాలాసార్లు చింపారు. చివరికి నిలిచిన మాటలివి. ఇక్కడ రాసి ఇచ్చినది అందరిదీ అవుతుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తాము అమ్ముకునే సరుకులో కూడా పెట్టుకోవచ్చు. కానీ దాని చుట్టూ కంచె వెయ్యకూడదు. రాసినవారి పేరు చెరపకూడదు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగకూడదు. అన్నిటికంటే చివర ఆయన పట్టుబట్టి పెట్టిన మాట ఒకటుంది: తనది కానిదాన్ని ఎవరూ ఇక్కడ ఇవ్వకూడదు.

"ఇది ఎందుకండీ, మంచిపనికి ఇచ్చేవాళ్ళు దొంగసొత్తు ఇస్తారా" అని సునీతి గారు నవ్వారు.

"దొంగలతో ఇబ్బంది లేదమ్మా. వాళ్ళు దాచుకుంటారు, దానం చెయ్యరు. అన్నదమ్ముల వాటా కూడా తనదే అనుకుని గుడికి రాసిచ్చేసే మంచివాళ్ళున్నారే, నా కేసులు సగం వాళ్ళవే."

తరవాతి రెండేళ్ళలో నా గడి మీద ఎక్కడెక్కడివాళ్ళో నొక్కారు. రేపల్లె నుంచి ఒక డాక్టరు, ఒంగోలు నుంచి ఇద్దరు విద్యార్థులు, పేరు కూడా పలకడం రాని దేశాల నుంచి కొందరు. 'సీసా' అనాలా 'వయల్' అనాలా అని ఒక నెల రోజులు పోట్లాడుకున్నారు. ఒకాయన కామా ఒకటి దిద్ది తన పేరు జాబితాలో చేరిందో లేదో రోజూ చూసుకున్నాడు. మనుషులు ఇలా కూడా ఉంటారని నవ్వుకున్నాను. ఈలోగా కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఆసుపత్రులు ఒక్కొక్కటే ఈ పద్ధతిలో మాట్లాడసాగాయి. వారధికి ఈ ఒడ్డున ఉన్న మందు సంగతి ఆ ఒడ్డుకు తెలియసాగింది.

అప్పుడు జ్ఞానసుందరి వచ్చింది.

దోనేపూడి జ్ఞానసుందరి గుడివాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏ వస్తువు కొన్నా దానితో వచ్చిన కాగితం ముందు చదివి, తరవాతే పెట్టె విప్పే స్వభావం. నా దగ్గరికీ అలాగే వచ్చింది. పెద్ద పత్రం తెరవకుండా ముందు నన్ను మొదటి నుంచి చివరిదాకా చదివింది. నన్ను అలా చదివిన మొదటి మనిషి ఆమే. చదివి, అందరూ చూసే చోట ఒక ప్రశ్న పెట్టింది.

'నేను కాలేజీలో ఉద్యోగం చేస్తున్నాను. నా రాతల మీద కాలేజీకి హక్కు ఉంటుందా? అది తేలకుండా ఒప్పుకుంటున్నానని నొక్కలేను. మీరందరూ మీ ఉద్యోగాల సంగతి ఎలా తేల్చుకున్నారో చెప్పగలరా?'

చాలామంది దాన్ని పట్టించుకోలేదు. సుభానీ మాత్రం ఆగిపోయాడు. తాను ఎన్నడూ తేల్చుకోలేదని అతనికి అప్పుడే తట్టింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి మేనేజరుని సూటిగా అడిగాడు.

"మా దగ్గర ఉన్నన్నాళ్ళూ నువ్వు రాసిందంతా కంపెనీదేనయ్యా" అన్నాడు మేనేజరు. "ఆదివారం రాసినా అంతే. చేరేటప్పుడు సంతకం పెట్టావు కదా. అన్నట్టు మందుల నిల్వకి మనం కూడా ఒకటి తయారుచేసి అమ్మబోతున్నాం. నువ్వు రాసిందేదైనా ఉంటే తీసుకురా."

సుభానీ ఆ సాయంత్రమే బస్సెక్కి బందరు వచ్చాడు. కామేశం గారి ఆఫీసులో సునీతి గారు కూడా ఉన్నారు. అతను కూర్చోకుండానే చెప్పేశాడు. మిగతా అధ్యాయాలు ఈ ఉద్యోగంలో చేరకముందు రాసినవి, వాటితో పేచీ లేదు. 'లెక్క' ఒక్కటే చేరాక రాసింది.

"అది నాది కాదట మేడమ్. నాకు తెలీక ఇచ్చాను."

ఆ గదిలో ముగ్గురికి తప్ప ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. కంపెనీ వాళ్ళకి దివిసీమలో ఇలాంటి పత్రం ఒకటి ఉందనే తెలియదు. ఏమీ జరగనట్టు ఉండిపోవడం చాలా తేలిక. నేను ఊపిరి బిగబట్టాను, ఉంటే.

"తీసెయ్యాలి" అన్నారు కామేశం గారు.

"వర్షాలు మొదలయ్యాయండీ" అన్నారు సునీతి గారు. "ఊడ్పులు. ఏడాదిలో పాముకాట్లన్నీ ఇప్పుడే. ఈ రెండు నెలలు ఆగి తీసేద్దాం."

"కంపెనీవాళ్ళని అడిగి చూశావా?" అని కామేశం గారు సుభానీ వైపు తిరిగారు.

"మన పత్రం పేరెత్తకుండా అడిగానండి. ఎవరు ఏం రాసినా అందరికీ వదిలెయ్యడం కుదరదన్నారు."

"అయితే తెలిసిన క్షణం నుంచీ అది పొరపాటు కిందకి రాదు. అబద్ధం కిందకి వస్తుంది."

సుభానీ కంప్యూటరు దగ్గర కూర్చుని, తాను రాసిన వాటిలోకెల్లా మంచిదాన్ని తన చేత్తోనే తీసేశాడు. వాడుకుంటున్న ఆసుపత్రులన్నిటికీ కారణం దాచకుండా రాసి పంపాడు. తీసేశాక కాసేపు ఖాళీగా ఉన్న ఆ చోటు వైపే చూస్తూ ఉండిపోయాడు. నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ భయపడలేదు. ఆ రోజు నాకే నన్ను చూసి భయం వేసింది. రెండు పేజీల మాటలకు ఒక మనిషి అంత విలువ ఇస్తాడని నాకు తెలియదు.

ఆసుపత్రులు అంకెలు చెప్పడం మానేశాయి. ప్రతి ఉదయం సునీతి గారూ ఇద్దరు నర్సులూ కూర్చుని ఊరూరికీ ఫోను చేసి మందు ఉందా అని అడిగేవాళ్ళు. కొందరు చెప్పేవాళ్ళు, కొందరు ఫోను ఎత్తేవాళ్ళు కాదు.

ఖాళీని పూరించాలంటే కొత్తగా రాయాలి. కానీ పాతది చదివినవాళ్ళు రాయకూడదన్నారు కామేశం గారు. చదివినవాడి చేతిలో పాత మాటలు తెలియకుండానే దొర్లుతాయి. అందరూ చదివినవాళ్ళే. ఒక్క జ్ఞానసుందరి తప్ప. ఆమె ఇంకా నా దగ్గరే, వాకిట్లోనే ఆగిపోయి ఉంది.

సునీతి గారు ఆమెకు ఫోను చేశారు. జ్ఞానసుందరి జరిగిందంతా వింది.

"నేను అడక్కుండా ఉంటే బాగుండేదేమోనండి" అంది.

"ఆ సంగతి నాకూ తెలీదమ్మా. నువ్వు రాస్తావా?"

ఆమె కాలేజీ ప్రిన్సిపాలు దగ్గరకెళ్ళి, ఈ రాత మీద కాలేజీకి ఏ హక్కూ లేదని సంతకం పెట్టించుకుని, అప్పుడు నా గడి మీద నొక్కింది. మొదటి మాట, రెండో మాట రెండూ నిజమైన గడి అది.

సెలవు పెట్టి దివిసీమ వచ్చింది. ఆసుపత్రి మందుల గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఏ సీసా ఎప్పుడు లోపలికి వస్తోంది, ఎప్పుడు బయటికి వెళుతోంది అని చూస్తూ ఉండేది. సునీతి గారు ఏం కావాలో మాత్రమే చెప్పేవాళ్ళు, ఎలా రాయాలో చెప్పేవాళ్ళు కాదు. తడబడి పాత అధ్యాయంలోని మాట ఏదైనా నోట్లోకి వస్తే మధ్యలోనే మింగేసేవాళ్ళు. సుభానీ సెలవు రోజుల్లో వచ్చేవాడు, కాఫీలు తెచ్చిపెట్టేవాడు. 'లెక్క' మాట ఎత్తగానే లేచి గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. వానలో, ఆసుపత్రి ఎదురుగా టీ బంకు చూరు కింద నిలబడి ఉండేవాడు. వెళ్ళమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరూ కాపలా లేరు. అతను లోపల ఉండి ఒక్క మాట సాయం చేస్తే పని నాలుగు రోజుల్లో తేలిపోయేది. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ మధ్యలోనే జరగకూడనిది జరిగింది. కోడూరు వైపు పొలంలో ఒకతన్ని పాము కరిచింది. పొద్దున ఫోనులో మందు ఉందన్న చోటుకి తీసుకెళితే మధ్యాహ్నానికే అయిపోయింది. అక్కడి నుంచి ఇంకో చోటుకి, ఆ చోటి నుంచి మూడో చోటుకి. మనిషి బతికాడు గానీ ఆలస్యానికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవలసిన స్థితికి వచ్చాడు.

సునీతి గారు నేరుగా కామేశం గారింటికి వచ్చారు. భోజనానికి కూర్చోబోతున్న ఆయన ఆవిడని చూసి అలాగే నిలబడిపోయారు.

"పాతది పెట్టేద్దామండి. కొత్తది అయ్యేదాకా. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరమ్మా."

"మరి?"

"రేపు ఇంకో జిల్లావాళ్ళు దీన్ని నమ్ముకుని వందల ఆసుపత్రుల్లో పెట్టుకుంటారు. అప్పుడు కంపెనీవాడు నోటీసు ఇస్తే ఒక్క అధ్యాయమే పోదు. అందులో దొంగసరుకు ఉందటగా అని మొత్తం తీసి పారేస్తారు. ఒక సెంటు భూమి తప్పుగా రాస్తే పదెకరాల పట్టా చెల్లకపోవడం నేను చూశాను."

"అతని భార్యకి ఇదంతా చెప్పగలరా మీరు?"

"చెప్పలేను" అన్నారు కామేశం గారు. "అయినా వద్దనే అంటాను."

సునీతి గారు కుర్చీలో కూలబడి ఏడ్చారు. ఆయన ఓదార్చడానికి ప్రయత్నించలేదు, ఎదురుగా కూర్చున్నారు. భోజనం చల్లారిపోయింది. మర్నాటి నుంచి ఉదయం ఒక్కసారి కాక పూటకొకసారి ఫోన్లు చెయ్యాలని ఆవిడ నిర్ణయించారు. కామేశం గారు కూడా తన గుమాస్తాని, తన ఫోనుని తీసుకుని వచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. "హలో, మీ దగ్గర పాముకాటు మందు ఎన్ని సీసాలున్నాయండీ" అని కోర్టు గొంతుతో అడుగుతుంటే అవతలివాళ్ళు బెదిరిపోయి వెంటనే లెక్క చెప్పేవాళ్ళు.

అతని మూత్రపిండాలకు నేను కారణం కాదని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. నేను కరెక్టేనా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ తెగలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. దారి తెలిసి కూడా ఆ దారిన నడవకుండా, ఆ బరువంతా తమ వీపుల మీద మోసిన నలుగురు మనుషుల్ని నేను చూశాను.

జ్ఞానసుందరి అధ్యాయం శ్రావణం వెళ్ళేలోగా పూర్తయింది. సుభానీ రాతలో ఉన్న నిగ్గు అందులో లేదు. ఒక్కో విషయం రెండేసిసార్లు చెప్పింది, పాఠాలు చెప్పేవాళ్ళ అలవాటు. కానీ సుభానీది చెయ్యని పని ఒకటి అది చేస్తుంది. ఏ ఆసుపత్రి అయినా కొన్ని గంటలపాటు మాట్లాడకపోతే, చివర చెప్పిన అంకెను చూపిస్తూ కూర్చోదు. ఆ చోట 'తెలియదు' అని పెడుతుంది. మందుల గదిలో కూర్చున్నన్ని రోజులూ ఆమెకు వినపడిన మాట అదే. పొద్దున ఉందన్నారు, ఇప్పుడు తెలీదండీ అని.

పూర్తయ్యాక సుభానీ ఇక చదవచ్చన్నారు. అతను నిలబడే మొత్తం చదివాడు. జ్ఞానసుందరి అతని ముఖం వైపే చూస్తోంది.

"చదివానండి" అన్నాడు. "నేను ఏం చెప్పినా పాతది కలుస్తుంది. అందుకని ఏమీ చెప్పను."

అని ఆమెకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

తరవాత సుభానీ ఆ కంపెనీ వదిలేసి ఏలూరులో వేరే ఉద్యోగంలో చేరాడు. చేరే ముందు వాళ్ళ షరతుల కాగితం కామేశం గారికి చూపించి, రెండు వాక్యాలు కొట్టేయించుకుని మరీ సంతకం పెట్టాడు. పాత కంపెనీవాళ్ళు తమ సరుకు తయారుచేశారు. కొన్నాళ్ళకి ఆసుపత్రులన్నీ మా పద్ధతిలోనే మాట్లాడుతుండటం చూసి, తమ యంత్రం కూడా అదే మాట్లాడాలని వాళ్ళే వచ్చి నా గడి మీద నొక్కారు. చదివి నొక్కారో లేదో చెప్పను. నేను ఎవరినీ వాకిట్లో ఆపి ఊరేది, పేరేది అని అడిగేదాన్ని కాదు. అందరినీ రానిమ్మనే కామేశం గారు రాశారు.

ఇప్పుడు నేను పాత ప్రతిని. నా మీద మూడు దిద్దుబాట్లు జరిగి కొత్త నిబంధనలు వచ్చాయి. పాతవాటిని చెరిపెయ్యకూడదన్నది కూడా ఒక నిబంధనే కాబట్టి, కంప్యూటరు లోపలి అరల్లో నన్ను అలాగే ఉంచారు. పని లేని చోట నుంచి చూడటం తప్ప నాకు వేరే వ్యాపకం లేదు.

మొన్న ఒక ఉదయం జ్ఞానసుందరి కాలేజీకి బయలుదేరుతూ అలవాటుగా అంకెలు చూసుకుంది. ఒక పెద్ద ఆసుపత్రి ఎదురుగా 'తెలియదు' అని ఉంది. దానికి చాలా దూరంలో, సముద్రం వైపు ఉన్న ఒక చిన్న ఆసుపత్రి దగ్గర అంకె తెల్లవారేసరికి పది తగ్గింది. మందు ఎక్కించడం మొదలుపెడితే ఒక మనిషికి మొదట పట్టేది దాదాపు అంత. ఆమె సునీతి గారికి ఫోను చేసింది.

"ఎవరో వచ్చారండి అక్కడికి. పెద్దాసుపత్రి వైపు వెళ్ళకుండా ఇటే తిరిగినట్టున్నారు."

"బతికారా?"

"అది మన పద్ధతిలో ఉండదు కదండీ. రోగి సంగతులు రాయకూడదన్నాం."

సునీతి గారు ఫోను పెట్టేసి ఆ చిన్న ఆసుపత్రికి చేశారు. నర్సు ఎత్తింది. ఎవరు, ఏమిటి అని అడిగాక చెప్పింది.

"ఆడమనిషండి. రొయ్యల చెరువు కాడ కరిచిందంట. ఇప్పుడే లేచి కూచుంది. ఆకలేస్తందంట, ఇడ్లీ తెమ్మంటంది. పెట్టొచ్చా అండీ?"

సునీతి గారు పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పెట్టండమ్మా" అన్నారు. "మెల్లగా తినమనండి."